కూనవరం ఒడ్డున భూగోళం టీచరమ్మ

పోయిన నెల ఖమ్మంలో పంటి డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చున్నప్పుడు, బల్ల మీద ఒక రంగుల వారపత్రిక కనిపించింది. లోపల నాలుగు పేజీల నిండా ఫోటోలు. పైన పెద్ద అక్షరాలతో "ప్రాణాలకు తెగించైనా చూసి తీరాల్సిన చోట్లు" అని ఉంది. నయాగరా జలపాతం, వెసూవియస్ అగ్నిపర్వతం, అమెరికాలోని మృత్యులోయ, ఆల్ప్స్ మంచు కొండలు. పక్క కుర్చీలో ఉన్నాయన నా భుజం మీదుగా తొంగి చూసి "అబ్బ, పుట్టినందుకు ఒక్కటన్నా చూడాలె" అన్నాడు. ఆయన దవడ అప్పటికే వాచి ఉంది. వెంటనే చెయ్యి పెట్టుకుని మూలిగాడు.

ఆ చోట్లన్నీ నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు. ఎక్కడ ఏ రాయి మీద పాచి ఉంటుందో, ఎక్కడ నిలబడితే గాలి తోస్తుందో, ఎండ ఏ వేళకు మనిషిని పడేస్తుందో కూడా తెలుసు. జిల్లా దాటి ఎటూ ఎరగని ఒక టీచరమ్మ చెప్పగా తెలుసు. ఆమె చనిపోయి రెండేళ్ళయింది. పంటి నొప్పితో ఉన్నా ఆ పేజీలు తిప్పుతుంటే ఆమె గొంతే వినిపించింది.

వైరా దగ్గరి ఒక బాలికల బడిలో ఎనభైల మొదట్లో నేను తెలుగు టీచరుగా చేరాను. బడి పేరు చెప్పను. ఇప్పుడక్కడ అందరూ మంచివాళ్ళే ఉండొచ్చు. అప్పటికే ఆమె అక్కడ భూగోళం చెబుతోంది. సన్నగా, పొట్టిగా ఉండేది. నూలు చీర కొంగు నడుం చుట్టూ తిప్పి దోపుకునేది. చేతిసంచీలో ఎప్పుడూ ఒక విజిలు, రెండు బారల నులక తాడు, ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన అగ్గిపెట్టె ఉండేవి. వైరాలో సినిమాకు పోయినా ఆ సంచీ వెంట ఉండాల్సిందే. హాల్లోకి అడుగు పెట్టగానే తెర వంక చూసేది కాదు. తలుపులు లెక్కపెట్టేది. అవి ఏ వైపు తెరుచుకుంటాయో గేటు దగ్గర కుర్రాణ్ణి అడిగి గానీ కూర్చునేది కాదు. ఒకసారి ఒక పెళ్ళిలో, అక్షింతలు వేసే హడావిడిలో, నా చెవిలో "ఎంత బాగుందో తర్వాత చూద్దురుగాని, ముందు బయటికి దారేదో చూసుకోండి" అంది. ఆ సలహా వధువుకు కూడా పనికొచ్చేదేమోనని నేనంటే, ఆమె నవ్వలేదు. "నిజమే" అంది.

పాఠం చెప్పేటప్పుడు మాత్రం ఆమె వేరే మనిషి. గోడకు క్యాలెండర్ల నుంచి కత్తిరించిన విదేశాల బొమ్మలుండేవి. రూళ్ళకర్రతో ఒక్కో బొమ్మనూ ప్రేమగా తాకుతూ ఆ అందాన్నంతా చెప్పేది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటున్నప్పుడు, అదే గొంతుతో, అక్కడ మనుషులు ఎట్లా పోతారో చెప్పేది. ఆమె ఇచ్చే పరీక్షలో ప్రశ్న ఇట్లా ఉండేది: "నయాగరా జలపాతమును వర్ణించి, చూచువారు నిలువకూడని చోట్లు మూడింటిని తెల్పుము." పిల్లలు ఆమెకు 'ప్రమాదం మేడం' అని పేరు పెట్టారు. పెట్టింది పిల్లలైనా ఎక్కువ వాడింది మేమే, స్టాఫు రూములో.

ఆమెకు ఆ చోట్లంటే భయమని అందరూ అనుకునేవాళ్ళు. నేనూ అనుకునేదాన్ని. ఒకసారి ఖాళీ పిరియడులో ఆ బొమ్మల ముందు ఒంటరిగా నిలబడి ఉంటే చూశాను. "అక్కా, ఏం చూస్తున్నారు?" అన్నాను. "చూడకుండానే పోతానేమోనమ్మా. ఒక్కటంటే ఒక్కటి" అంది. అంతలో గంట కొట్టారు.

ఆ ఏడు కార్తీకంలో మా పెద్ద టీచరమ్మకు విజ్ఞానయాత్ర చేయాలని బుద్ధి పుట్టింది. వనభోజనాలకు విజ్ఞానయాత్ర అని పేరు పెడితే పై ఆఫీసు అనుమతి ఇస్తుందని ఆమె విజ్ఞానం. పోయేది పాపికొండలకు. భద్రాచలం దాకా బస్సుల్లో పోయి, రాముణ్ణి చూసుకుని, కూనవరంలో లాంచీ ఎక్కి, కొండల నడుమ గోదావరిని చూసి రావాలి. భూగోళం టీచరమ్మ ఆ కబురు విని వారం రోజులు నిద్రపోలేదట. భయంతో అని మేం చెప్పుకున్నాం. ఆనందంతో అని చాలా కాలానికి తెలిసింది. ఆ వారమంతా జిల్లా పటం, నది పుస్తకాలు, ముసలి లాంచీ పనివాళ్ళు చెప్పిన మాటలు, ఏవి దొరికితే అవి పోగు చేసుకుందట.

కూనవరం రేవులో లాంచీ ఆగి ఉంది. దాని నుదుటి మీద పసుపు రంగుతో "60 మంది మాత్రమే" అని రాసి ఉంది. మా వాళ్ళు ఎక్కడం మొదలుపెట్టారు. ముందు వంట గిన్నెలు ఎక్కాయి. తర్వాత పెద్ద టీచరమ్మ, ఆమె బంధువులు, ఆ బంధువుల బంధువులు. యాత్ర ప్రభుత్వ బడిదైనా విజ్ఞానం అందరికీ కావాలి కదా. తర్వాత మేము, పిల్లలు. ఆఖరున పదో తరగతి పిల్లలు మిగిలారు. వాళ్ళు ముప్పై అయిదుగురు. వాళ్ళ క్లాసు టీచరు మా భూగోళం టీచరమ్మే. ఒడ్డుకూ లాంచీకీ నడుమ వేసిన పలక మీద ఆమె అడ్డంగా నిలబడింది.

"ఇప్పటికే డెబ్బై ఎనిమిది మంది ఎక్కారు. మా పిల్లలు ఎక్కరు" అంది.

లాంచీ యజమాని కోస్తా వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాయన. మంచి మాటకారి. "ఎక్కండమ్మా, ఏం కాదు. మొన్న పౌర్ణమికి నూట ఇరవై మందిని దింపి తీసుకొచ్చాను, గోదారి తల్లి దయ."

"మరి ఆ బోర్డు ఎవరు రాయించారండీ?"

"నేనే రాయించాను."

"చదివారా?"

"అది చదవడానికి కాదమ్మా. లైసెన్సుకి."

లాంచీ మీద నుంచి పెద్ద టీచరమ్మ వంగి చూసింది. "ఏందమ్మా గిది? నడి రేవుల తమాషా చేస్తున్నవా? పిల్లలు ఏడుస్తుండ్రు కనబడతలేదా?"

"కనబడుతోంది మేడం. ఏడవనివ్వండి."

"నువ్వు పిరికిదానివైతే నువ్వుండు. పిల్లలకెందుకు పాడు చేస్తవ్?"

"రెండుసార్లుగా పోదాం మేడం. మీరు పోయి రండి. మేం తర్వాత పోతాం."

"తర్వాత పొద్దు గూకుతది. జల్దీ ఎక్కుతరా, ఎక్కరా?"

ఎక్కలేదు. ఆ పిల్లల్లో సగం మంది వెక్కి వెక్కి ఏడ్చారు. కొందరు ఆమె వైపు చూసిన చూపులు నాకింకా గుర్తే. లాంచీ కూత వేసి కదిలింది. ఆమె ఒడ్డున నిలబడి చెయ్యి ఊపింది. లాంచీలో ఎవరూ తిరిగి ఊపలేదు. నేను ఊపబోయి, పక్కన అందరూ చూస్తున్నారని, ఆ చేత్తో జుట్టు సర్దుకున్నాను.

పాపికొండలు నిజంగా బాగున్నాయి. అంత వెడల్పు నది చూస్తుండగానే సన్నబడి, రెండు వైపులా పచ్చటి కొండలు నీళ్ళలోంచే లేచినట్టు లేచి, లాంచీ చప్పుడు తప్ప ఇంకేం వినిపించకుండా అయింది. ఇంతకు మించి చెప్పలేను. తెలుగు టీచరునై ఉండి కూడా ఆ రోజు ఏం చూశానో ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. కారణం, సరిగ్గా ఆ చోటే మా డ్రిల్లు మాస్టారు "పులి! పులి!" అని అరిచాడు.

కుడి ఒడ్డున ఏదో ఎర్రగా నీళ్ళు తాగుతోంది. లాంచీలో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా కుడి పక్కకు ఉరికారు. లాంచీ కూడా మాతోపాటే పులిని చూడాలనుకుందేమో, అటే ఒరిగింది. పులిహోర గిన్నె జారుకుంటూ వచ్చి రెయిలింగుకు కొట్టుకుంది. నీళ్ళు అంచు దాటి లోపలికి వచ్చాయి. నా మోకాళ్ళ దాకా వచ్చాయి. ఆరో తరగతి పిల్ల ఒకతె కాళ్ళు జారి నీళ్ళ వైపు పోతుంటే, దాని జడ నా చేతికి దొరికింది. జడే పట్టుకుని లాగాను. లాంచీ నడిపే ముసలి సరంగు గంట బాదుతూ "అటు పోండ్రి! ఆ పక్కకు పోండ్రి!" అని కేకలు పెట్టాడు. ఎవరు పోయారో, ఎట్లా పోయారో తెలియదు. లాంచీ మెల్లగా లేచి నిలబడింది. నీళ్ళు తాగుతున్నది తలెత్తి మా వైపు చూసింది. అది ఎర్రావు.

ముందు ఎవరో ఒకరు నవ్వారు. ఆ నవ్వును అందరూ పట్టుకున్నారు. పెద్ద టీచరమ్మ బొట్టు చెంప మీదికి జారి ఉంది. "ఏం కాలే, ఏం కాలే" అంది నాలుగుసార్లు. తర్వాత మా వైపు తిరిగి "ఈ ముచ్చట గా మేడంకు చెప్పకుండ్రి. ఇగ మన నెత్తి మీద కూసుంటది" అంది.

అందరం తలలూపాం.

పొద్దు గూకుతుండగా తిరిగి వచ్చేసరికి ఆమె పిల్లల మధ్యలో ఇసుకలో కూర్చుని ఉంది. పుల్లతో ఏదో గీసి, రెండు అరచేతులూ దగ్గరికి తెస్తూ చెబుతోంది. పిల్లలు ఏడుపు మాని వింటున్నారు. లాంచీ కనబడగానే లేచి పరుగున వచ్చింది. దిగేవాళ్ళను ఒక్కొక్కరినీ వేలితో లెక్కపెట్టింది. పెద్ద టీచరమ్మను, ఆమె బంధువులను కూడా. లెక్క సరిపోయాక ఊపిరి వదిలింది.

"ఏమైందమ్మా? మునిగినమా?" అంది పెద్ద టీచరమ్మ. రేవంతా ఘొల్లుమంది.

నేనూ నవ్వాను.

"చీర తడిసిందేంటమ్మా?" అని ఆమె నన్ను అడిగింది.

"చేతులు కడుక్కునేటప్పుడు జారాను, అక్కా" అన్నాను.

కథ అక్కడితో ఆగితే ఆ యాత్ర ఒక హాస్యంగా మిగిలేది. కానీ ముప్పై అయిదు ఇళ్ళల్లో పిల్లలు అన్నం మాని అలిగారు. తండ్రులు బడికి వచ్చారు. పెద్ద టీచరమ్మ మెమో ఇచ్చింది. "విద్యార్థినులయందు నిరాధారమైన భయమును కలిగించి, యాత్రయొక్క విజ్ఞానమునకు భంగము వాటిల్లజేసినందుకు" సంజాయిషీ కోరింది. పై ఆఫీసు నుంచి ఒకాయన విచారణకు వచ్చి, టీ తాగి, స్టాఫు అందరూ కలిసి ఒక వాంగ్మూలం ఇస్తే చాలన్నాడు. తెలుగు బాగా వచ్చినదాన్ని కాబట్టి రాసే పని నాకు పడింది. "ప్రయాణము ఆద్యంతమూ ఆహ్లాదకరముగా సాగినది. ఏ విధమైన అపాయమును సంభవింపలేదు" అని రాశాను. ఆహ్లాదకరముగా అన్న మాట ఎవరూ చెప్పలేదు. నేనే వేశాను. ఆ మాట బాగుందని విచారణాధికారి మెచ్చుకున్నాడు. జడ పట్టి లాగిన చేత్తోనే సంతకం పెట్టాను.

ఆమెను గోదావరి అవతలికి బదిలీ చేశారు. మన సర్కారుకు అందమైన చోట్లంటే అదో రకం గౌరవం. పట్నం వాళ్ళు సెలవు పెట్టి, కిరాయి కార్లు మాట్లాడుకుని చూడ్డానికి వచ్చే అడవులు, కొండలు, వాగులు అన్నీ మా శాఖలో శిక్షల కింద దాచిపెట్టారు. ఎవరి మీద కోపం వస్తే వాళ్ళకు ప్రకృతిని చూపిస్తారు. వాగులు పొంగితే నెలల తరబడి బస్సు పోని ఊళ్ళో, గిరిజన పిల్లల ఆశ్రమ పాఠశాలకు ఆమె పోయింది. పోతూ స్టాఫు రూములో అందరికీ నమస్కారం పెట్టింది. "నా వల్ల పిల్లలకు దక్కకుండా పోయింది" అని మాత్రం అంది.

ఆరేడేళ్ళ తర్వాత పదో తరగతి పరీక్షల డ్యూటీ నాకు ఆ ఊళ్ళోనే పడింది. బస్సు దిగేసరికి ఆమె ఎదురుగా ఉంది. జుట్టు నెరిసింది. అదే సంచీ. పక్కన ఇద్దరు ఎనిమిదో తరగతి కోయ పిల్లలు ఆమెకు చెరో చెయ్యి పట్టుకుని ఉన్నారు. ఊళ్ళోకి పోవాలంటే వాగు దాటాలి. ఆ పిల్లలు రాళ్ళ మీద పిట్టల్లా దూకుతూ, ఆమెను నడిపిస్తూ, వాళ్ళ భాషలో ఏదో అనుకుని నవ్వారు. "ఏమంటున్నారు?" అన్నాను. "మేడంకు రాళ్ళు చదవడం రాదంటున్నారు. నిజమేనమ్మా. వీళ్ళ దగ్గర నేర్చుకుంటున్నా" అంది. సంతోషంగానే ఉన్నట్టు కనిపించింది.

మర్నాడు పరీక్ష అయ్యాక వరండాలో ఆమె తొమ్మిదో తరగతికి పాఠం చెబుతుంటే పక్కన కూర్చున్నాను. నయాగరా పాఠం. గోడ మీద అదే బొమ్మ, అంచులు చినిగి ఉంది. "నయాగరా జలపాతం చాలా అందమైనది. చాలామంది చూడ్డానికి వస్తారు" అని, పేజీ తిప్పింది. నేను ఆశ్చర్యంగా చూశాను. ఒక పిల్ల లేచి "పడితే, మేడం?" అంది.

"పడరులేమ్మా. కూర్చో."

పిల్లలు వెళ్ళాక అడిగాను. "అక్కా, మిగతా పాఠం చెప్పలేదేం?"

"మానేశానమ్మా. నా పిరికితనం పిల్లలకెందుకు అంటించాలి? ఆ రోజు లాంచీకి ఏమైంది? అంతమందీ హాయిగా పోయి వచ్చారు. నేనే ముప్పై అయిదు మంది నోట్లో మట్టి కొట్టాను. వాళ్ళ పెళ్ళిళ్ళకు పిలిచినా పోలేదు, మొహం చెల్లక."

అప్పుడు చెప్పాను. ఎర్రావు, పులిహోర గిన్నె, మోకాళ్ళ దాకా నీళ్ళు, ఆరో తరగతి పిల్ల జడ, అన్నీ. "మీ ముప్పై అయిదుగురు కూడా ఉండి ఉంటే ఆ లాంచీ లేచేది కాదు, అక్కా" అన్నాను. వాంగ్మూలం రాసింది నేనేనని కూడా చెప్పాను.

ఆమె క్షమిస్తుందని అనుకున్నాను. మంచివాళ్ళు క్షమిస్తారని పాఠాల్లో చెప్పి చెప్పి నాకు అలవాటైపోయింది. ఆమె మొహం ఎర్రబడింది. "ఆరేళ్ళు!" అంది. "ఆరేళ్ళు నన్ను నేను తిట్టుకున్నాను. మీరు రోజూ అన్నం ఎట్లా తిన్నారమ్మా?" లేచి లోపలికి పోయింది. ఆ పూట నాకు అన్నం ఆ కోయ పిల్లలే తెచ్చిపెట్టారు.

మర్నాడు సాయంత్రం వచ్చి నా ముందు ముప్పై అయిదు పోస్టుకార్డులు పెట్టింది. "రాయండి. నేను చెప్తాను. ఆహ్లాదకరముగా లాంటి మాటలు వద్దు."

ఆ ముప్పై అయిదుగురి పేర్లూ హాజరు పట్టీ వరసలో ఆమెకు నోటికి వచ్చు. ఎవరు ఎక్కడ కాపురమున్నారో నాకు తెలుసు. ఆ రెండూ కలిపితే ఇరవై రెండు చిరునామాలు తేలాయి. ప్రతి కార్డు మీదా నా చేత ఒకే సంగతి రాయించింది: ఆ రోజు లాంచీ ఒరిగింది, నీళ్ళు లోపలికి వచ్చాయి, ఆ మాట దాచి తప్పుడు కాగితం రాసింది నేను, మీ టీచరు మిమ్మల్ని ఆపడం సరైన పని. కింద నా సంతకం, ఆమె బడి చిరునామా. పదిహేనో కార్డుకు నా చెయ్యి నొప్పి పుట్టింది. "నొప్పి పుట్టనీయండి" అంది. ఇరవై రెండూ అయ్యాక ఒక్కొక్కటీ చదివి, ఒక కార్డులో 'ఒరిగింది' బదులు 'కొంచెం ఒరిగింది' అని రాసి ఉంటే, 'కొంచెం' కొట్టేసింది. మిగిలిన కార్డులు సంచీలో పెట్టుకుంది. అప్పుడు నాకు టీ ఇచ్చింది.

మళ్ళీ మేం కలిసింది ఆ మే నెలలో, ఖమ్మంలో జవాబు పత్రాలు దిద్దే చోట. పెద్ద హాలు, రేకుల కప్పు, తిరగని ఫ్యాన్లు, చెమటలు కక్కుతూ రెండు వందల మంది మాస్టర్లు. ఆమె నా పక్క కుర్చీలో వచ్చి కూర్చుని సంచీలోంచి ఒక ఇన్లాండు కవరు తీసింది.

"ఒక్కటే వచ్చిందమ్మా జవాబు. చదవండి."

ఆ ముప్పై అయిదుగురిలో అందరికంటే ఎక్కువ ఏడ్చిన పిల్ల రాసింది. ఇప్పుడు సారపాకలో, మిల్లు ఉద్యోగి భార్య. "మేడంకు నమస్కారాలు. కార్డు అందింది. మీరు రాయించింది అంతా నిజమే. నాకు మంచిగ యాదికున్నది. లాంచీ ఒరిగినప్పుడు నా లంగా మొత్తం తడిసింది. మా ఆయనకు, అత్తమ్మకు ఎన్నోసార్లు చెప్పిన. అయినా ఆ కొండలు మాత్రం మరిచిపోలేను మేడం. అంత పెద్ద గోదారి రెండు అరచేతుల నడుమ ఇరుక్కున్నట్టు సన్నగా అయిపోయింది. నీళ్ళు పైకి నిద్రపోయినట్టుండె, లోపల మాత్రం గుండ్రంగా తిరుగుతుండె. పొద్దటి మంచు కొండ మీద నుంచి దిగి నీళ్ళ మీద నడిచిపోతుండె. మీరు ఆ రోజు ఒడ్డుననే ఆగిపోయిండ్రు కదా. మీరు గూడ మా ఎంబడి వచ్చి చూస్తే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటా."

రెండుసార్లు చదివాను. "అక్కా, ఈ పిల్ల లాంచీ ఎక్కలేదు కదా?"

"ఎక్కలేదు. నా పక్కనే ఇసుకలో కూర్చుంది."

"మరి ఈ కొండలు, మంచు..."

"ఆ మాటలు నావేనమ్మా. ఏడుస్తున్నారని, ఊరుకోబెడదామని, లోపల ఎట్లా ఉంటుందో చెప్పాను. పుస్తకాల్లో చదివింది కొంత, లాంచీ పనివాళ్ళు చెప్పింది కొంత."

నేను నది మీద పోయి చూసి కూడా చెప్పలేకపోయినవన్నీ ఆ ఉత్తరంలో ఉన్నాయి. ఆమె కవరు తీసుకుని మళ్ళీ చూసుకుంది. పెదాలు వణికాయి. ఏడుస్తుందనుకున్నాను.

"ఎంత పని చేశానమ్మా!" అంది. "పలక మీద అడ్డంగా నిలబడి, అంతమందితో తిట్లు తిని, ఒక్కరినీ ఎక్కనీయకుండా ఆపాను. ఆపి, ముప్పై అయిదుగురినీ నా నోటితో నేనే ఎక్కించేశాను!"

అని నవ్వడం మొదలుపెట్టింది. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు. ఎర్ర పెన్సిలు కింద పడింది. ముందు వరుసలోంచి పెద్దాయన "నిశ్శబ్దం, నిశ్శబ్దం" అని బల్ల మీద కొట్టాడు. రెండు వందల మంది మాస్టర్లు తలెత్తి చూశారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ, నవ్వు మాత్రం ఆపుకోలేకపోయింది.